టెక్ సందేహాలు: జపాన్ ప్రయాణం, జపనీస్ చదువు, చేతిలో ఫోన్

ఈ వారం ప్రశ్నలన్నీ జపాన్ ప్రయాణం చుట్టూ తిరిగేవే. అడిగినవాళ్లంతా ఆ భాష నేర్చుకుంటూ వెళ్తున్నవాళ్లు. జవాబులు రాసేటప్పుడు నేను ముఖ్యంగా చూసింది ఒక్కటే: ఫోన్ మీ పని చేసిపెట్టాలి, కానీ మీ చదువును మింగేయకూడదు.

జపనీస్ భాషా పరీక్షల్లో తొలి మెట్టు ఎన్5 స్థాయి పూర్తి చేశాను. టోక్యో, క్యోటో వెళ్తున్నాం. ట్రాన్స్‌లేట్ యాప్ ఉండగా నువ్వు నేర్చుకున్నది ఎందుకని తమ్ముడు అంటున్నాడు. యాప్ పెట్టుకోవాలా, వద్దా? మేం శాకాహారులం. — విద్యార్థిని, విశాఖపట్నం

తప్పకుండా పెట్టుకోండి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో జపనీస్ ప్యాక్‌ను ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేనిచోట కూడా పనిచేస్తుంది. అయితే యాప్ ఎప్పుడు తీయాలో మీరే ముందుగా ఒక హద్దు గీసుకోండి. మందుల డబ్బా మీద మోతాదు, అలర్జీ వివరాలు, రైలు రద్దయిందన్న ప్రకటన ఇలాంటివాటికి నేరుగా కెమెరా పెట్టి చదివేయండి. తప్పు చదివితే నష్టపోయే చోట ప్రయోగాలు వద్దు. మిగతా అన్నిచోట్లా కెమెరాది చివరి వంతు.

ఉదాహరణకు, చిన్న చిన్న రామెన్ (నూడుల్స్ పులుసు) హోటళ్లలో గుమ్మం పక్కనే టికెట్ మెషిన్ ఉంటుంది. దాన్ని షొక్కెన్‌కి అంటారు. ముందు డబ్బు వేయాలి, తర్వాత బటన్ నొక్కాలి, వచ్చిన చీటీ కౌంటర్ దగ్గర ఇవ్వాలి. చాలా మెషిన్లలో బొమ్మలుండవు, వరసగా బటన్లు, వాటి మీద అక్షరాలు, ధరలు. కెమెరా పెట్టగానే అన్నీ ఇంగ్లిష్‌లోకి మారిపోతాయి. అన్నం దొరుకుతుంది కానీ ఒక్క అక్షరమూ గుర్తుండదు. దానికి బదులు మెషిన్‌ను ఫొటో తీసుకుని పక్కకు జరగండి, వెనకాల వాళ్లకు ఇబ్బంది ఉండదు. ముందు కటకానా (పరభాషా పదాలు రాసే లిపి) మాటలు కూడబలుక్కుని చదవండి. ‘రామెన్’, ‘కోన్’, ‘బటా’ ఇట్టే తెలిసిపోతాయి. ‘చాషూ’ అని కనబడితే అది పంది మాంసం ముక్క. కాంజీలో (చైనా నుంచి వచ్చిన భావాక్షరాల్లో) ఆవు, పంది, కోడి, చేప అనే నాలుగింటిని బయల్దేరకముందే కంఠతా పట్టండి. ఇంకా అర్థంకానివి మిగిలితే అప్పుడు గూగుల్ లెన్స్‌తో ఆ మాటను కాపీ చేసి నిఘంటువులో వెతకండి.

శాకాహారుల విషయంలో ఏ కెమెరా తీర్చలేని ఇబ్బంది ఒకటుంది. అక్కడి పులుసుల్లో చాలావాటికి ఆధారం ‘దాషి’. దాన్ని ఎక్కువగా ఎండుచేపతోనూ, కొంబు అనే సముద్రపు నాచుతోనూ కాస్తారు. మెనూలో కూరగాయల ఉదోన్ (లావు నూడుల్స్) అని మాత్రమే రాసి ఉంటుంది. అందులోని చేపరసం సంగతి ఎక్కడా రాసి ఉండదు, రాయనిదాన్ని యాప్ చదవలేదు. అడగాల్సింది మీరే: “కత్సుఓ దాషి హైత్తె ఇమాస్ కా?” కత్సుఓ చేపతో కాచిన దాషి ఇందులో ఉందా అని అర్థం. మీ తమ్ముడికి ఇదే జవాబు చెప్పండి.

నిఘంటువుకు ఆండ్రాయిడ్‌లో ‘తకొబొటొ’, ఐఫోన్‌లో ‘షిరాబె జిషొ’ పెట్టుకోండి. రెండూ ఉచితమే, నెట్ లేకుండా నడుస్తాయి. రెండింటి వెనకా ఉన్నది జేఎండిక్ట్ అనే పదకోశం. జిమ్ బ్రీన్ అనే ఆస్ట్రేలియా ఆచార్యుడు 1991లో మొదలుపెట్టిన పని అది. మూడు దశాబ్దాలు దాటినా స్వచ్ఛందంగా పెరుగుతూనే ఉంది, దాని మేలు పొందని జపనీస్ విద్యార్థి దాదాపు ఉండరు.

వెతికిన ప్రతి మాటనూ రాత్రి గదికి వచ్చాక అంకి అనే జ్ఞాపక కార్డుల యాప్‌లో కార్డుగా మార్చుకోండి, పగలు తీసిన ఫొటో కూడా దానికి జతచేయండి. ఆండ్రాయిడ్‌లోనూ కంప్యూటర్‌లోనూ అంకి ఉచితం, ఐఫోన్ యాప్‌కు మాత్రం డబ్బు కట్టాలి. కట్టలేకపోతే బ్రౌజర్‌లో అంకివెబ్ వాడుకోవచ్చు. ప్రయాణంలో ఉన్నన్నాళ్లూ పాత డెక్ (కార్డుల కట్ట) నుంచి వచ్చే కొత్త కార్డులను సున్నాకు తగ్గించండి. లేకపోతే తిరిగొచ్చేసరికి రివ్యూలు కొండలా పేరుకుపోయి చదువంటేనే టెన్షన్ పట్టుకుంటుంది.

గూగుల్ కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌లో జపనీస్ పెడితే పన్నెండు గళ్ల కీబోర్డ్ వస్తోంది. ఇంగ్లిష్ అక్షరాలతో టైప్ చేయడమే నయమా? — సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

మొదటి వారం ఇంగ్లిష్ అక్షరాలు సరే. తర్వాత మాత్రం పన్నెండు గళ్లకే మారండి. వాటి వరస చూడండి: అ, క, స, త, న, హ, మ, య, ర, వ. బాల్యంలో పలక మీద దిద్దిన వరసకు ఇది దగ్గరి చుట్టం. సంస్కృతం చదువుకున్న బౌద్ధ భిక్షువుల వల్ల మన వర్ణమాల పద్ధతి జపాన్ చేరి, అక్కడి అక్షరాల వరసకు దారి చూపింది. అందుకే తెలుగువాళ్లకు ఏ గడి ఎక్కడుందో వెతుక్కునే బాధ చాలా తక్కువ.

‘క’ గడిని ఊరికే తాకితే క. వేలు పెట్టి ఎడమకు జరిపితే కి, పైకి కు, కుడికి కె, కిందికి కొ. య, వ తప్ప మిగతా గళ్లకూ ఇదే సూత్రం. కింద ఎడమ మూలనున్న గడి నొక్కితే క కాస్తా గ అవుతుంది, త కాస్తా ద అవుతుంది. ఇలా టైప్ చేస్తే దీర్ఘాలు కూడా కచ్చితంగా పట్టుబడతాయి. ఉదాహరణకు టోక్యో అని రాయాలంటే తొ, ఉ, క్యొ, ఉ అని విడివిడిగా కొట్టాల్సిందే. చేతిరాత కీబోర్డ్ కూడా జీబోర్డ్‌లో జపనీస్ కింద వచ్చే జాబితాలోనే ఉంటుంది, జతచేసుకోండి. ఎలా పలకాలో తెలియని కాంజీని బోర్డు మీద చూసి వేలితో గీస్తే చాలు. గీతలు సరైన క్రమంలో వేస్తే త్వరగా గుర్తుపడుతుంది.

క్లాసులో నేర్చుకున్న కాంజీ ఒకలా, ఫోన్‌లో కనిపించేది మరోలా ఉంది. ఏది తప్పు? — గుంటూరు

రెండూ తప్పు కాదు. మీ ఫోన్ చైనా రూపాన్ని చూపిస్తోంది. అక్షరాలకు నంబర్లు ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో చైనా, జపాన్ వాళ్లు ఉమ్మడిగా వాడే చాలా అక్షరాలకు ఒకే నంబరు ఇచ్చారు. ఏ దేశపు రూపం చూపించాలో ఫోన్ తన భాషల జాబితాను బట్టి నిర్ణయిస్తుంది. అందులో జపనీస్ లేకపోతే చైనా ఫాంటే దిక్కు. ‘ఎముక’ అని అర్థమిచ్చే ‘హొనె’ కాంజీని పెద్దది చేసి చూడండి. పైభాగంలోని పెట్టెలో చిన్న మూల ఒకటి ఉంటుంది. అది కుడివైపుంటే జపాన్ రూపం, ఎడమవైపుంటే చైనా రూపం.

ఫోన్ సెట్టింగ్స్‌లో భాషల విభాగానికి వెళ్లి, తెలుగు లేదా ఇంగ్లిష్ కింద జపనీస్‌ను రెండో భాషగా చేర్చండి. మెనూలు మారవు, అక్షరాలు మాత్రం సరిపోతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ పని మొదటి రోజే చేయాలి. చేతికి అలవాటైన తప్పు రూపాన్ని మాన్పించడం చాలా కష్టం.

రైళ్లకు ఫోన్‌లోనే సుయికా (ముందే డబ్బు నింపుకుని గేటు దగ్గర తాకించే కార్డు) పెట్టుకోవచ్చా? నాది ఆండ్రాయిడ్, అమ్మానాన్నలు కూడా వస్తున్నారు. — విజయవాడ

సుయికా నడిచేది సోనీ వారి ఫెలికా చిప్ పద్ధతి మీద. మన దగ్గర కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా ఆ సదుపాయం ఉండదు, కాబట్టి స్టేషన్‌లో ప్లాస్టిక్ కార్డు తీసుకోండి. ఐఫోన్ 8, ఆ తర్వాతి మోడళ్లలోనైతే వ్యాలెట్‌లో చేర్చుకోవచ్చు. ఏదైనా సరే మనిషికి ఒకటి ఉండాల్సిందే. ఒకే కార్డుతో ముగ్గురూ గేటు దాటలేరు.

కార్డులో 20,000 యెన్‌లకు మించి నిల్వ ఉంచలేరు. బ్యాలెన్స్ తగ్గితే నగదుతో నింపుకోండి. మెషిన్ దగ్గర చేయొచ్చు కానీ, మీరు కన్వీనియన్స్ స్టోర్‌లో అడగండి: “చాజి ఒనెగాయిషిమాస్.” ఎంత అని అడుగుతారు, 1,000 యెన్‌లకు “సెన్ ఎన్” అనండి. రోజూ పనికొచ్చే సంభాషణ ఇది. క్యోటో, ఒసాకా సిటీ రైళ్లు, బస్సుల్లోనూ ఇదే కార్డు చెల్లుతుంది. టోక్యోలో ట్యాప్ చేసి ఎక్కి క్యోటోలో దిగుదామంటే మాత్రం కుదరదు. షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలుకు టికెట్ విడిగా తీసుకోవాలి.

మన ఛార్జర్లు, చిన్న కుక్కర్ అక్కడ పనిచేస్తాయా? — కరీంనగర్

ఛార్జర్ పనిచేస్తుంది, కుక్కర్ పనిచేయదు. అక్కడ కరెంటు 100 వోల్టులు. ఛార్జర్ మీద 100–240 అని ఉంటే చాలు, రెండు బల్లపరుపు పిన్నుల అడాప్టర్ కొనుక్కోండి. మన 230 వోల్టుల కుక్కర్‌కు అక్కడ ఐదో వంతు వేడి కూడా రాదు.

జపాన్‌లో నెట్ కోసం ఈసిమ్ (ఫోన్‌లోకే దించుకునే సిమ్) తీసుకుంటే బ్యాంకు ఓటీపీలు వస్తాయా? — తిరుపతి

మన సిమ్ కూడా ఫోన్‌లోనే ఉంటే వస్తాయి. వెళ్లేముందు మన ఆపరేటర్ దగ్గర ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివేట్ చేయించుకోండి. అక్కడ దిగాక మన సిమ్ మీద డేటా రోమింగ్ ఆపేసి, ఇంటర్నెట్‌కు ఈసిమ్ వాడండి. *#06# కొట్టినప్పుడు ఈఐడీ నంబరు కనబడితే మీ ఫోన్‌కు ఈసిమ్ పడుతుంది. ఇన్‌స్టాల్ చేయడానికి నెట్ కావాలి, అందుకని ఆ పని ఇంట్లోనే ముగించండి. పర్యాటకుల ఈసిమ్‌లలో చాలావాటికి ఫోన్ నంబరు ఉండదు. వాట్సాప్ మాత్రం మీ పాత నంబరు మీదే నడుస్తుంది.

ఇంట్లోని వైఫై మీదే ‘సేఫ్టీ టిప్స్’ యాప్ కూడా దించుకోండి. జపాన్ పర్యాటక సంస్థ పర్యవేక్షణలో నడిచే ఈ యాప్ భూకంపం, సునామీ హెచ్చరికలను ఇంగ్లిష్‌లో ఇస్తుంది. నోటిఫికేషన్లకు అనుమతి ఇచ్చి, లొకేషన్ ఆన్‌లో ఉంచండి. ఇక్కడ మాత్రం జపనీస్ సాధన కోసం భాష మార్చుకోవద్దు.