ప్యానెల్ ఆపాల్సిన చోటు

ప్రశ్న: మేడం గారూ, చీపురుపల్లి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. క్లాసులో పెద్ద డిజిటల్ ప్యానెల్ ఉంది. విద్యుత్తు పాఠానికి మంచి వీడియోలు వేస్తే 42 మంది పిల్లలూ కిక్కురుమనకుండా చూస్తారు. మర్నాడు అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. లోపం నాదా, ప్యానెల్‌దా?
– ఒక టీచరు, విజయనగరం జిల్లా

జవాబు: పిల్లలు కిక్కురుమనకుండా చూస్తారని రాశారు చూడండమ్మా, నన్ను ఆలోచనలో పడేసిన మాట అదే. వీడియోలో ప్రశ్నా పాఠం చెప్పేవాళ్లే వేస్తారు, జవాబూ వాళ్లే చెప్పేస్తారు. పిల్లలకి చూడటం తప్ప పని మిగలదు. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఉద్దానంలో పనిచేస్తున్నాను. కొబ్బరి తోటలు కూలిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. బడి తెరిచాక రెండు టార్చి బల్బులు, రెండు సెల్లులు, వైరు ముక్కలు పట్టుకెళ్లాను. బల్బులు శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి, చివరి కొస తగిలించకుండా ఆగి, ‘ఏది ఎక్కువ వెలుగుతుందో రాయండి’ అన్నాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, ‘మొదటి బల్బే కరెంటంతా తాగీస్తాదండి, రెండోదానికేటి మిగుల్తాది?’ అన్నాడు. సగం క్లాసు వాడి వైపే. కొస తగిలిస్తే నిజంగానే రెండోది కాస్త మసకగా వెలిగింది! వాడి మొహం చూడాలి. అప్పుడు రెండు బల్బుల్నీ అటుదిటు మార్చాను. మసక బల్బు మొదటి చోటుకొచ్చినా మసకగానే ఉంది. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ‘అయితే తేడా బల్బులోనే ఉందండి’ అన్నది మళ్లీ వాడే.

తర్వాత మా బడికీ ప్యానెల్ వచ్చింది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ‘ఫెట్’ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు, ఉచితంగా దొరుకుతాయి. అందులో బల్బులు కలిపితే తీగలో ఎలక్ట్రాన్లు కదులుతూ కనిపిస్తాయి. మొదటి బల్బుకు ముందూ, రెండోదాని తర్వాతా ఒకటే వేగం. కరెంటును ఎవరూ తాగెయ్యలేదని కంటికి కనబడుతుంది. నా టార్చి బల్బులు చూపించలేనిది అదే. ప్యానెల్ మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

అయినా స్విచ్ నొక్కేముందు అక్కడా ఆగేదాన్ని. అందరూ పలక మీద రాసి పైకెత్తాలి. చెయ్యెత్తమంటే పక్కవాణ్ణి చూసి ఎత్తేస్తారు, పలక దగ్గర ఆ పప్పులుడకవు. భిన్నంగా రాసిన ఇద్దర్ని లేపి వాదించుకోమనేదాన్ని. ఆ తర్వాతే స్విచ్, అదీ వాళ్ల చేత్తోనే. మీరూ వీడియోని జవాబు చెప్పబోయే క్షణంలో ఆపెయ్యండి. పది నిమిషాల వీడియో గంట పట్టినా పట్టనివ్వండి.

మర్నాడు ప్యానెల్ వెయ్యకుండా, పుస్తకం తెరవనివ్వకుండా నిన్నటి పాఠంలోంచి మూడు ప్రశ్నలు రాయించండి. మార్కులు వద్దు. మొదటి వారం ఖాళీ కాగితాలే వస్తాయి, బెంబేలెత్తకండి.

నెట్ సరిగ్గా రాకపోతే ఫెట్ సిమ్యులేషన్లని ముందే దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్‌లోని పాఠాలనీ ముందే దించుకోవచ్చు. ఫోన్లో చూసి రమ్మని హోంవర్కు మాత్రం ఇవ్వకండమ్మా. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ పగలంతా తండ్రి జేబులో పనికెళ్తుంది.

టార్చి బల్బులు కూడా కొనండి, ప్యానెల్ ఉంది కదా అని మానెయ్యకండి. విజయనగరం వెళ్లినప్పుడు గంటస్తంభం వైపు కొట్లలో అడిగి చూడండి. ఎల్‌ఈడీ ఇవ్వబోతారు, వద్దనండి. లోపల సన్నటి తీగ కనబడే పాతరకం బల్బే కావాలి, పిల్లలు చూడాల్సింది ఆ తీగనే.