మాతృ వందన రెండో విడత: చెల్లించినట్టు చూపిస్తోంది, ఖాతాలో లేదు

మొదటి విడత 3,000 అందింది, పాపకు టీకాలు వేయించాక రావాల్సిన 2,000 మాత్రం ఆన్‌లైన్‌లో చెల్లించినట్టే ఉన్నా పాస్‌బుక్‌లో లేదన్నారు కదా. టెన్షన్ పడకండి, డబ్బు బహుశా మీ పేరు మీదే ఇంకో ఖాతాలో ఉంటుంది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన సొమ్ము తల్లి ఆధార్‌కు చివరగా సీడింగ్ అయిన, అంటే ప్రభుత్వ సొమ్ము జమ కావడానికి ఆధార్‌తో నమోదైన బ్యాంకుకే వెళ్తుంది. మధ్యలో కొత్త ఖాతా ఏమైనా తెరిచారా? మై ఆధార్ పోర్టల్‌లో ఓటీపీతో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే ఆ బ్యాంకు పేరు కనిపిస్తుంది.

ఖాతాకు ఆధార్ జతచేయడం వేరు, సీడింగ్ వేరు. కౌంటర్లో ఊరికే అడిగితే మొదటిది చూసి ‘లింకయింది’ అనేస్తారు! స్టేటస్ ‘ఇన్‌యాక్టివ్’ అని వస్తే మీ బ్యాంకులో సీడింగ్ ఫారం ఇచ్చి, ఆ తర్వాత అంగన్‌వాడీ కార్యకర్తను కలవండి. మీవారి ఖాతా ఇవ్వకండి, చెల్లదు.