షుగర్ ఉందని తెలిసీ తిండి ఆపుకోలేకపోతున్నాను, ఇది వ్యసనమా?

టైప్ 2 షుగర్ ఉండి, తినకూడదని తెలిసినా చెయ్యి ఆగడం లేదని అడిగారు. ముందుగా ఒక మాట, ఇది మీ మనసు బలహీనం కావడం వల్ల కాదు. తీపి, కొవ్వు కలిసిన పదార్థం నోట్లో పడగానే మెదడులో డోపమైన్ అనే, హాయిని కలిగించే అనుభవాలతో ముడిపడిన రసాయనం విడుదలై మళ్లీ కావాలనే కోరికను పెంచుతుంది.

రాత్రి అందరూ పడుకున్నాక లైటు కూడా వేయకుండా ఫ్రిజ్ ముందు నిలబడి, ఒక్క ముక్కే అనుకుని విప్పిన ప్యాకెట్ మొత్తం ఖాళీ చేసి, ఆ కవర్‌ను చెత్తబుట్ట అడుగున దాచి, పొద్దున్నే గ్లూకోమీటర్ ముట్టుకోవడానికి భయపడుతున్నారా? అయితే డాక్టర్‌కి చెప్పాల్సిందే.

'ఫుడ్ అడిక్షన్' (తిండి వ్యసనం) అనే పేరుతో డీఎస్‌ఎం-5లో, అంటే మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకంలో, జబ్బు లేదు. బింజ్ ఈటింగ్ డిజార్డర్ (అదుపు లేకుండా ఒకేసారి అతిగా తినే జబ్బు) మాత్రం ఉంది, దానికి కౌన్సెలింగ్, చికిత్స ఉన్నాయి. వ్యసనం లాంటి లక్షణాలను అంచనా వేయడానికి అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 2009లో ఒక ప్రశ్నావళి తెచ్చారు.

చాలామంది గమనించనిది ఇంకోటి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మందులు వాడేవాళ్లకు షుగర్ 70 mg/dL కంటే తగ్గితే చెమట, వణుకు, విపరీతమైన ఆకలి వస్తాయి, అది వ్యసనం కాదు, శరీరం చేసే హెచ్చరిక. వెంటనే చెక్ చేసుకుని 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలయ్యాక మళ్లీ చూసుకోండి. ఇలా తరచూ అవుతుంటే డోసు మార్చాలేమో డాక్టర్‌నే అడగండి, మీరే తగ్గించుకోవద్దు.

పగలంతా కడుపు మాడ్చుకోవడం మాత్రం దయచేసి మానండి, రాత్రి అదుపు తప్పేది ఎక్కువగా అందుకే.