హెడర్ వేయించే ముందు ఇది చదువు అల్లుడూ

రాయగడ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

విశాఖపట్నంలో షాపువాళ్ళు నీ స్విఫ్ట్‌కి స్టీల్ హెడర్ (ఇంజిన్ పొగని బయటికి తీసుకెళ్ళే పైపుల సెట్టు) వేస్తామన్నారని, బిగింపుతో కలిపి 32,000 అవుతుందని చెప్పి, ఏం చేయమంటావు మావయ్యా అని అడిగావు. ఫోన్‌లో చూద్దాంలే అన్నాను గానీ, ఈలోగా అడ్వాన్స్ కట్టేస్తావేమోనని టెన్షన్‌గానే ఉంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. ఈ బండికి, నువ్వు తిరిగే దారులకి హెడర్ వద్దు. ఎందుకు వద్దంటున్నానో పూర్తిగా చదువు. ఆ తర్వాత నీ ఇష్టం.

హెడర్ అంటే మోసం అనుకోకు. అది మంచి వస్తువే. కంపెనీ మానిఫోల్డ్‌లో, అంటే పొగని ఒకచోట చేర్చే గొట్టంలో, నాలుగు సిలిండర్ల పొగా చాలా దగ్గరలోనే కలిసిపోతుంది, ఒకదాని పొగ ఇంకొకదానికి అడ్డం తగులుతుంది. హెడర్‌లో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో పొడుగాటి పైపు ఉంటుంది. పైపులన్నీ దాదాపు ఒకే పొడవుతో వచ్చి కలెక్టర్ అనే ఒకే గొట్టం దగ్గర కలుస్తాయి. లారీ జోరుగా దూసుకుపోతే రోడ్డు మీది కాగితాలు లేచి దాని వెంట పడతాయి చూడు, అలాగే ఒక సిలిండర్ నుంచి పొగ వేగంగా పోతూ వెనకాల ఒత్తిడి తగ్గిస్తుంది. తర్వాతి సిలిండర్ పొగ వాల్వు తెరిచి ఉన్న సమయానికి ఆ లాగుడు అందితే, లోపల మిగిలిన పొగ కూడా బయటికి వచ్చేస్తుంది. అప్పటికే ఇంటేక్ వాల్వు కూడా కాస్త తెరుచుకుంటుంది కాబట్టి కొత్త గాలి ఇంకొంచెం ఎక్కువ లోపలికి వెళ్తుంది. లాభమంతా ఈ సమయం కుదరడం మీదే ఆధారపడి ఉంది.

ఆ సమయం ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర కుదురుతుందో పైపు పొడవు, లావు నిర్ణయిస్తాయి. లావుగా, పొట్టిగా ఉంటే పై ఆర్‌పీఎంలో కుదురుతుంది. సన్నగా, పొడుగ్గా ఉంటే కింద కుదురుతుంది. నాలుగు పైపులూ ఒక్కచోటే కలిసేదాన్ని 4-1 అంటారు, అది రేసు బళ్ళ సరుకు. ముందు రెండేసి కలిసి, ఆ రెండూ మళ్ళీ ఒకటయ్యేది 4-2-1, మధ్య ఆర్‌పీఎంలో కాస్త మేలు. నీ ఇంజిన్ లాంటి నాలుగు సిలిండర్ల వాటిలో ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2. అందుకని 4-2-1లో 1, 4 ఒక జత, 2, 3 ఒక జత కావాలి. నీకు చూపించినది ఏ రకమని ఆ షాపులో అడిగావా? అడిగితే ఏం చెప్పారో నాకు చెప్పు. దానికి జవాబు తెలియనివాళ్ళ చేతికి బండి ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. నీ 2018 మోడల్ 1197 సీసీ ఇంజిన్ 83 పీఎస్ శక్తి ఇచ్చేది 6000 ఆర్‌పీఎం దగ్గర, 113 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం) ఇచ్చేది 4200 దగ్గర. నువ్వేమో సునాబెడా నుంచి సాలూరు వెళ్ళేటప్పుడు, ముఖ్యంగా వెనక్కి వచ్చేటప్పుడు సుంకి ఘాటీలో నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని 2000, 2500లో లాగిస్తావు. ఇంజిన్ శబ్దం పెరిగితే భయపడి వెంటనే మూడో గేరులోకి మార్చేస్తావు, నీ పక్కన కూర్చుని నేనే చూశాను. హెడర్ పని చేసే చోటికి నీ కాలు ఎప్పుడూ వెళ్ళదు. పైగా పైపు లావు ఎక్కువైతే కింది ఆర్‌పీఎంలో పొగ వేగం పడిపోయి, ఇప్పుడున్న పికప్ కూడా తగ్గుతుంది. ఘాటీలో మలుపు తిరిగి మళ్ళీ లాగాల్సిన చోటే అది తెలుస్తుంది.

ఇంకో సంగతి. కోరాపుట్ వైపు సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు. టర్బో లేని ఇంజిన్‌కి ప్రతి 300 మీటర్లకీ సుమారు 3 శాతం శక్తి తగ్గుతుంది, పైన గాలి పలచన కాబట్టి. విజయనగరంలో చురుగ్గా ఉన్న బండి ఇంటికొచ్చేసరికి నీరసించినట్టు అనిపించడానికి ఇది పెద్ద కారణం. బండిలో లోపమని అనుకుని నువ్వు బాధపడుతున్నావేమో, అది లోపం కాదు. హెడర్ ఒక్కటే బిగిస్తే ఇలాంటి చిన్న ఇంజిన్‌లో వచ్చేది నాలుగైదు హార్స్‌పవర్, అదీ పై ఆర్‌పీఎంలోనే, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం) చేయిస్తేనే. ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఈసీయూ, అంటే ఆ కంప్యూటర్, తనలో రాసి ఉన్న లెక్క ప్రకారం పెట్రోల్ పోస్తుంది. గాలి పెరిగిందని ఆ లెక్కకి తెలియదు. అంటే 32,000తో అయిపోదు, రీమ్యాప్ ఖర్చు వేరు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది క్యాటలిటిక్ కన్వర్టర్, అదే పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా. ఈ తరం పెట్రోల్ బళ్ళలో చాలావాటికి అది మానిఫోల్డ్‌కి ఆనుకునే ఉంటుంది. 250, 300 డిగ్రీల వేడెక్కితే గానీ అది పని మొదలుపెట్టదు కాబట్టి ఇంజిన్‌కి దగ్గరగా పెడతారు. హెడర్ వేయాలంటే దాన్ని తీసేయాలి, లేదా కిందికి దూరంగా జరపాలి. తీసేస్తే విషపు పొగ అలాగే బయటికి పోతుంది. మీ ఇంటి ముందు బండి స్టార్ట్ చేసి వేడెక్కించేటప్పుడు మీ పాప ఆ పక్కనే ఆడుకుంటూ ఉంటుంది నాయనా. దూరంగా జరిపితే వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతసేపూ ఆ పొగే. కన్వర్టర్ లేకపోతే వెనక ఉన్న ఆక్సిజన్ సెన్సర్ పసిగట్టి చెక్ ఇంజిన్ లైట్ వెలిగిస్తుంది. దానికో చిన్న ముక్క బిగించి లైటు రాకుండా చేస్తామని కొందరంటారు. ఒప్పుకోవద్దు. రేపు నిజంగా లోపం వచ్చినా నీకు తెలియదు. పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరా ఇబ్బందే. నీ బీఎస్4 పొగ ప్రమాణం పెట్రోల్ బండికి ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజిన్ ఆడుతున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. కన్వర్టర్ లేని బండి ఆ హద్దులో నిలవడం కష్టం.

చట్టం కూడా తెలుసుకో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణ తర్వాత ఇలాంటి మార్పుకి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ. పొగ, చప్పుడు హద్దు దాటితే అదే చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. ఇది కేంద్ర చట్టం, ఒడిశాలో ఒకటి ఆంధ్రాలో ఒకటి కాదు. నువ్వు ఓడీ-10 బండితో వారం వారం సరిహద్దు దాటేవాడివి. యాక్సిడెంట్ జరిగితే బీమావాళ్ళు కూడా మొదట వెతికేది ఇలాంటి మార్పులనే.

వేడి గురించి తక్కువ రాస్తాను గానీ తక్కువ సంగతి కాదు. పోత ఇనుముకన్నా పలచని పైపు చుట్టూ ఎక్కువ వేడి చిమ్ముతుంది. పక్కనున్న వైర్లు, రబ్బరు గొట్టాలు ఎండిపోయి పగులుతాయి. గుడ్డలాంటి టేప్ చుడితే ఆ వేడి ఆగుతుంది, కానీ మన కొండల వానలకి దాని కింద తేమ నిలిచి మామూలు స్టీలు తుప్పు పడుతుంది. కలెక్టర్ కిందికి వేలాడితే 163 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌లో ఇంకొంత పోతుంది. లక్ష్మీపూర్ దారిలో స్పీడ్ బ్రేకర్లు నీకు నేను చెప్పాలా.

ఇంత చెప్పినా వేయించుకోవాలనే ఉంటే, కన్వర్టర్ ఉంచే డిజైన్ అయితేనే వేయించుకో. 304 స్టెయిన్‌లెస్ స్టీలు, 4-2-1. హెడ్‌కి (ఇంజిన్ పై భాగానికి) బిగించే ఫ్లాంజి, అంటే పైపుల చివరి పలక, మందంగా, 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండాలి. పలచనిది వేడికి వంకరపోయి, మధ్యలో లీకు ఆపే గ్యాస్కెట్ కాలిపోతుంది. దాన్ని చదునైన గాజు పలక మీద పెట్టి చూడు, ఊగితే వెనక్కిచ్చేయ్. పైపు నోట్లో వేలు పెట్టి తడుము. లోపల వెల్డింగ్ గడ్డలు తగిలితే అది పొగకి అడ్డం, దానికి డబ్బు దండగ. పాత స్టడ్లు (బిగించే బోల్టులు) తుప్పుపట్టి ఉంటాయి. ముందురోజే నూనె వేసి నాననివ్వకుండా బలవంతంగా తిప్పితే అల్యూమినియం హెడ్‌లోనే విరుగుతాయి, అప్పుడు హెడ్ దించాల్సి రావచ్చు. కొత్త గ్యాస్కెట్ వేసి, మధ్య నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ టార్క్ రెంచితో, అంటే బిగింపు కొలిచే పానాతో, బిగించాలి. కొన్నాళ్ళు వేడెక్కి చల్లారాక మళ్ళీ ఒకసారి బిగించాలి. పాత మానిఫోల్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. పాత కన్వర్టర్ కూడా దానితోనే వచ్చేస్తే, అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. మేమే పారేస్తాంలే అన్నవాళ్ళు దాన్ని పారేయరు.

పాత మారుతి ఎస్టీమ్ కారుతో ర్యాలీలు ఆడేవాడివైతే నేనే దగ్గరుండి వేయించేవాణ్ణి. డీజిల్ బండి ఉన్న నీ స్నేహితుడికి మాత్రం ఈ ఆలోచనే అవసరం లేదని చెప్పు. టర్బో ఉన్న ఇంజిన్ల లెక్క వేరు, వాటిలో ఈ లాగుడుతో వచ్చేది చాలా తక్కువ.

నీకు కావాల్సింది ఘాటీలో పికప్. దానికి ఖర్చు లేని పని ఒకటుంది. మలుపు దగ్గర రెండో గేరులోనే ఉండి 3500, 4000 దాకా వెళ్ళనివ్వు. ఇంజిన్ పాడవదు, దాని బలం అక్కడే ఉంది. అప్పటికీ నీరసంగా ఉంటే నేను చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. హాఫ్ క్లచ్‌లో ఎక్కించే అలవాటు వల్ల క్లచ్ జారుతోందేమో, బ్రేకు పట్టేసి ఉందేమో, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చి ఎన్నాళ్ళయిందో. కన్వర్టర్ లోపల మూసుకుపోయినా పై ఆర్‌పీఎంలో ఇలాగే ఊపిరాడనట్టు చేస్తుంది, అది ఒత్తిడి కొలిస్తే తెలిసిపోతుంది. మానిఫోల్డ్ దగ్గర సన్నగా లీకు ఉన్నా బయటి గాలి సెన్సర్‌కి తగిలి, పెట్రోల్ తక్కువైందని ఈసీయూ అనుకుని ఇంకా పోస్తుంది. మైలేజ్ పడిపోయిందని నువ్వన్నది దానివల్లే కావచ్చు. అలాంటి లీకు పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్‌మని వినిపిస్తుంది, లోహం వేడికి సాగాక ఆగిపోతుంది.

అందుకని శనివారం రాత్రికే వచ్చెయ్. బండి తెల్లారేదాకా మా ఇంటి దగ్గర కదలకుండా ఉండాలి. ఆదివారం పొద్దున్న నేను బానెట్ ఎత్తి చెవి పెట్టాకే నువ్వు తాళం తిప్పు. అది అయ్యాక మజ్జిగౌరమ్మ గుడికి వెళ్దాం, అక్కని కూడా తీసుకురా. షాపువాళ్ళకి అడ్వాన్స్ మాత్రం సోమవారం దాకా ఇవ్వకు.

ఇట్లు,
మీ మావయ్య