బాలికల ఫుట్‌బాల్ జట్టు కట్టబోయే పీఈటీకి

బిడ్డా,

ఆడపిల్లలకు వేరే జట్టెందుకు, మగపిల్లలతో కలిపి ఆడిస్తే చాలదా అని మీ హెచ్‌ఎం గారు అడిగారని రాశావు. వేరే జట్టే కావాలి. కలిపి ఆడించిన రోజు ఒక కాగితం పట్టుకొని గ్రౌండ్ పక్కన నిలబడు. ఏ పిల్ల కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందో గీతలు పెట్టి ఆ కాగితమే ఆయనకు చూపించు. బంతే తగలని పిల్లకు ఆట ఎట్లా వస్తుంది? పైగా స్కూల్ గేమ్స్‌లో బాలికల పోటీలు వేరే. జట్టు లేకుంటే మండలానికి ఎవరిని పంపుతావు?

ఏడుగురుంటే నిబంధనల ప్రకారం మ్యాచ్ మొదలుపెట్టొచ్చు. అయినా పద్దెనిమిది పేర్లు రాసుకో. పత్తి ఏరే రోజుల్లో నలుగురైదుగురు తప్పకుండా తగ్గుతారు. ముందు కబడ్డీ, ఖోఖో ఆడేవాళ్లను అడుగు, పరుగులో గభాల్న మళ్లడం వాళ్లకు వచ్చు. గోల్‌కీపర్‌ను త్రోబాల్ పిల్లల్లో వెతుకు.

మొదటి నెల పెద్ద గ్రౌండ్ వద్దు. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు సున్నంతో గీసి అయిదుగురు అయిదుగురుగా ఆడించు. ఆరు, ఏడు తరగతులకు 4వ సైజు బంతి, పైవాళ్లకు 5వ సైజు. గాలి పంపు మీటరులో 9 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు, రాయిలా బిగిస్తే కొత్త పిల్లలు బంతి ఆపడానికే జంకుతారు. పంపు సూదిని తడిపి గుచ్చు. పొడిగా గుచ్చితే వాల్వు చీలి, రోజూ గాలి కొట్టడమే పనవుతుంది.

అన్నింటికన్నా మోకాళ్లు చూసుకో. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ (గట్టి పట్టీ) తెగడం మగపిల్లల కన్నా ఆడపిల్లల్లో ఎక్కువ. ఎవరూ తగలకుండానే, దూకి దిగేటప్పుడో గభాల్న మళ్లేటప్పుడో తెగుతుంది. ఒక్కొక్కరినీ వరండా మెట్టు మీంచి దూకించి ఎదురుగా నిలబడి చూడు. దిగినప్పుడు మోకాళ్లు రెండూ లోపలికి వాలుతుంటే ఆ పిల్లను ఇంకా మ్యాచ్‌లో దించకు. మోకాళ్లు వంచి, కాలివేళ్ల దిక్కుకే ఉంచి, చప్పుడు లేకుండా దిగడం నేర్పు. ఫిఫా 11+ వార్మప్ ఇందుకోసమే తయారుచేశారు: ఇరవై నిమిషాలు, వారానికి కనీసం రెండుసార్లు. టైం లేదని మధ్యలోని బలం, బ్యాలెన్స్ భాగం ఎగ్గొట్టి పరుగులు మాత్రమే చేయిస్తుంటారు. ఆ మధ్య భాగమే అసలు మందు.

గాజులు, పట్టీలు, ముక్కుపుడక తీస్తేనే రెఫరీ ఆడనిస్తాడు, టేపు చుట్టినా ఒప్పుకోడు. కొత్తగా ముక్కు కుట్టించిన పిల్ల ఇంట్లో ముందే చెప్పు, ఆ రోజు చెబితే తల్లితో గొడవ. నిక్కరు కింద లెగ్గింగ్ వేసుకోవచ్చు, కానీ నిక్కరు రంగే ఉండాలి, జట్టంతా ఒకటే.

బడిలో ఇచ్చే వారపు ఐరన్ మాత్ర మధ్యాహ్న భోజనం తర్వాతే మింగించు. పరగడుపున వేసుకుంటే వాంతి వచ్చినట్టుంటుంది, మళ్లీ వారం పిల్లలు పారేస్తారు. రక్తం తక్కువున్న పిల్ల పది నిమిషాలకే ఆయాసపడుతుంది, దాన్ని బద్ధకమనుకోకు.

ఇంట్లో వాళ్లు ఒప్పుకోకపోతే ఫుట్‌బాల్ ఆడే గుగులోతు సౌమ్య పేరు చెప్పు. మన నిజామాబాద్ జిల్లా తండా బిడ్డే, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు ఆడడానికి వెళ్లింది. అయితే తల్లిదండ్రుల అసలు బెంగ చీకటి. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగులో ఆడపిల్లలకు చార్జీ లేదు గాని, బస్సు తప్పితే తర్వాతిది ఎప్పుడో! ఊరివారీగా ఆఖరి బస్సు టైం రాసుకొని, దానికి అరగంట ముందే ఆట ఆపు.

వారంలో మూడు సాయంత్రాలు గ్రౌండ్ బాలికలదని హెచ్‌ఎం సంతకంతో నోటీసు బోర్డులో పెట్టించు. మగపిల్లలకు మ్యాచ్ ఉందని ఎవరైనా ఆ రోజు అడిగితే సగం గ్రౌండ్ ఇవ్వు, మొత్తం వదలకు.