అవార్డులో చేరని మామిడి చెట్లకు పరిహారం అడగవచ్చా?

ప్రశ్న: తిరుపతి–పీలేరు జాతీయ రహదారి విస్తరణలో భాకరాపేట దగ్గర మా అర ఎకరం పోయింది. మా నాన్న నాటిన తోతాపురి చెట్లు, బోరు అందులోనే ఉన్నాయి. అవార్డు (పరిహారం ఖరారు చేస్తూ అధికారి ఇచ్చే ఉత్తర్వు) వచ్చి రెండేళ్ళ ఎనిమిది నెలలైనా భూమికి తప్ప దేనికీ డబ్బు పడలేదు. ఆ దిగులుతో అమ్మ మంచం పట్టింది. కోర్టుకెళ్ళి రోడ్డు పని ఆపించవచ్చా? పాత తేదీతో చెట్ల ధ్రువపత్రం తెప్పిస్తానని ఒక మధ్యవర్తి అంటున్నాడు. – ఒక రైతు, తిరుపతి జిల్లా

జవాబు: మీ కేసును తేల్చేది అవార్డు తేదీ. జాతీయ రహదారుల చట్టం, 1956లోని 3జి(5) సెక్షన్ ప్రకారం, పరిహారం చాలదనుకున్న రైతు కేంద్ర ప్రభుత్వం నియమించిన ఆర్బిట్రేటరుకు (ఇలాంటి వివాదాలు తేల్చే అధికారికి) దరఖాస్తు చేసుకోవాలి. ఆ సెక్షన్‌లో గడువు చెప్పలేదు కనుక కేసులకు గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 137వ ఆర్టికల్ కింద మూడేళ్ళుగా లెక్కించుకోవడం క్షేమం. అంటే మీ చేతిలో నాలుగు నెలలే ఉన్నాయి. భూమి డబ్బు తీసుకున్నంత మాత్రాన ఎక్కువ అడిగే హక్కు పోదు.

రోడ్డు పని ఆపించే ఆలోచన మానుకోండి. 2018 సవరణ తర్వాత స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 41(హెచ్‌ఏ) ప్రకారం, రహదారి వంటి మౌలిక వసతుల పనికి అడ్డుపడే ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) కోర్టులు ఇవ్వకూడదు.

ఇక సాక్ష్యం సంగతి. జాయింట్ మెజర్‌మెంట్ పంచనామాపై (అధికారులు మీ సమక్షంలో భూమి కొలిచి, అందులో ఉన్నవి రాసుకున్న కాగితంపై) మీరు చదవకుండా సంతకం చేసి, నకలైనా అడగకుండా ఇంటికి వచ్చినట్టున్నారు. ఇంతకాలం ఆ కాగితం మొహం చూడకపోవడం క్షమించరాని అలసత్వం. అందులో చెట్ల గడి దగ్గర ‘లేవు’ అని రాసి ఉంటే, కింద మీ సంతకమే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. సమాచార హక్కు కింద ఆ నకలు ఈ వారంలోనే అడగండి. ‘లేవు’ అన్న ఆ రాతను ఖండించడానికి, 3ఎ నోటిఫికేషన్‌కు (భూమి తీసుకోబోతున్నట్టు ఇచ్చే తొలి ప్రకటనకు) ముందటి అడంగల్, ఈ-క్రాప్ నమోదు, బోరు కరెంటు సర్వీసు బిల్లులు, మండీలో కాయలు అమ్మిన పట్టీలు, తేదీ ఉన్న ఉపగ్రహ చిత్రాలు సమకూర్చుకోండి. చెట్లు కొట్టేసిన తర్వాత వాటి ఉనికిని చెప్పగలిగేవి ఇవే.

మధ్యవర్తి చూపిస్తున్న దారిలోకి అడుగు పెట్టారో, నిజంగా ఉన్న చెట్లను కూడా ఎవరూ నమ్మరు. దొంగ ధ్రువపత్రం సృష్టించడం, దాన్ని దాఖలు చేయడం క్రిమినల్ నేరాలు. ఆ కేసులో ముద్దాయి మీరే అవుతారు. అతనితో మాటలు ఇక్కడితో ఆపండి.

దరఖాస్తులో చెట్లు, బోరు విలువను 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ కింద, ఆ విలువపై నూరు శాతం సొలేషియం (బలవంతపు సేకరణకు ఇచ్చే అదనపు పరిహారం) 30వ సెక్షన్ కింద అడగండి. భూమికి ఇచ్చిన లెక్కలోనూ సొలేషియం కలిపారో లేదో చూసుకోండి. కలపకపోతే అదీ ఇదే దరఖాస్తులో చేర్చాలి. దరఖాస్తు అందినట్టు ముద్ర, తేదీ వేసిన నకలు తప్పక తీసుకోండి. ఆర్బిట్రేటరు తీర్పు నచ్చకపోతే ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్ళడానికి మూడు నెలలు, తగిన కారణం చూపితే మరో ముప్పై రోజులు మాత్రమే ఉంటాయి. ఆపైన ఒక్క రోజు ఆలస్యాన్నీ కోర్టు మన్నించలేదు.