ఎముక విరగలేదంటే సరిపోదు, ఊపిరి ఎలా ఉందో చూడండి

ప్రశ్న: "నాన్న బండి మీద నుంచి పడ్డారు. ఛాతీకి గట్టిగా తగిలింది. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. ఇంకో డాక్టరేమో ఊపిరితిత్తి కమిలి ఉండొచ్చు అంటున్నారు. ఇంటికి తీసుకుపోవచ్చా?"

తీసుకుపోవద్దండి. ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే మా ఇంట్లో జరిగింది కాబట్టి.

మాది తాడిపత్రి. ఇక్కడ బండల పాలిషు ఫ్యాక్టరీలు ఎన్నో, ఆ బండలు మోసే ట్రాక్టర్లు ఇంకెన్నో. మా చిన్నాయన అలాంటి ట్రాక్టరే తోలుతాడు. ఒకరోజు ఎనుము అడ్డమొస్తే బ్రేకు తొక్కినాడు. ట్రాలీ నిండా నాపబండలు. వెనక బరువు ఒక్కసారిగా ముందుకు తోసేసరికి రొమ్ము పోయి స్టీరింగుకు కొట్టుకుంది. నెత్తురు చుక్క రాలేదు. చొక్కా గుండీ అచ్చు మాత్రం రొమ్ము మీద ఎర్రగా, గుండ్రంగా పడింది, దారం రంధ్రాలతో సహా. ఊళ్లో ఒక క్లినిక్కులో ఎక్స్‌రే తీసి, విరగలేదని చెప్పి, నొప్పికి సూది వేసి పంపించినారు. రాత్రి సంగటి తిన్నాడు, పడుకున్నాడు.

మరుసటి రోజు సాయంత్రం నేను పోయేసరికి మంచం అంచున ముందుకు వంగి, చేతులు మోకాళ్ల మీద ఊనుకుని కూర్చుని ఉన్నాడు. మాట మొదలుపెట్టి సగంలో ఆపి గాలి పీల్చుకుంటున్నాడు. ముక్కుపుటలు ఎగరేస్తున్నాడు. దగ్గి ఊస్తే కల్లెలో ఎర్రటి జీర. "ఎముక ఇరగలేదన్యాడు కదరా డాక్టరు, నాకేం గాదు" అంటాడు. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటరు బీరువాలో నుంచి తీసి వేలికి పెడితే 88 చూపించింది. మామూలుగా 95, ఆ పైన ఉండాలి.

అప్పుడు ఇంట్లో పంచాయితీ. ఒకాయన పుత్తూరు కట్టు కట్టిద్దామన్నాడు. ఇంకొకాయన తుండుగుడ్డ తీసుకుని రొమ్ము చుట్టూ బిగించబోయినాడు. నేను అడ్డం పడి లాగేసినాను. కాలికీ చేతికీ కట్టు సంగతి వేరు. రొమ్ముకు బిగిస్తే ఊపిరి తీసే చోటే మూసినట్టు. ఒకప్పుడు ఆసుపత్రుల్లో కూడా పక్కటెముకలకు బిగుతుగా పట్టీలు వేసేవాళ్లు. ఊపిరి పైపైనే ఆడి, కఫం లోపలే నిలిచి, న్యుమోనియా వస్తోందని మానేశారు. మన ఊళ్లల్లో మాత్రం ఆ తుండుగుడ్డ ఇంకా పోలేదు.

ఆటో మాట్లాడదామంటే వినకుండా 108కి ఫోన్ చేసినాను. 2005 నుంచి ఉన్న బండి అది, దాంట్లో ఆక్సిజన్ ఉంటుంది. ఆయాసపడే మనిషిని యాభై కిలోమీటర్ల పైన అనంతపురం దాకా ఆటోలో కుదిపి తీసుకుపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అనంతపురంలో మళ్లీ ఎక్స్‌రే తీస్తే ఎడమ పక్కన తెల్లగా మచ్చ. సీటీ స్కాన్‌లో రెండు పక్కటెముకలు చిట్లి ఉన్నాయి. మామూలు ఎక్స్‌రేలో సన్నటి చిట్లులు చాలాసార్లు కనపడవట. డ్యూటీ డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. దెబ్బ అదురుకు ఊపిరితిత్తిలోని సన్నటి నెత్తురు నాళాలు చిట్లుతాయి, గాలి నిండాల్సిన చిన్న చిన్న తిత్తుల్లోకి నెత్తురూ నీరూ ఊరుతాయి. నీళ్లు పీల్చిన దూదిలా ఆ భాగం బరువెక్కిపోతుంది, గాలి పట్టదు. ఇది దెబ్బ తగిలిన క్షణంలో అయిపోయేది కాదు, గంటగంటకూ ముదిరి 24 నుంచి 48 గంటల్లో బాగా తెలుస్తుంది. అందుకే మొదటి ఎక్స్‌రే బాగుండొచ్చు. మా వాళ్లు మూగదెబ్బ అంటారే, అదే ఇది.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. వాళ్ల పక్కటెముకలు మెత్తగా వంగుతాయి కాబట్టి విరక్కుండానే లోపల ఊపిరితిత్తి కమిలిపోవచ్చు. ఎముక బాగుంది కదా అని అసలు నమ్మకూడదు.

కమిలినదానికి ప్రత్యేకంగా మందు లేదు. ఆక్సిజన్ పెడతారు, నొప్పి తగ్గిస్తారు, కనిపెట్టుకుని ఉంటారు. అంతా బాగా జరిగితే వారం పది రోజుల్లో అదే తగ్గుతుంది, ముదిరితే వెంటిలేటరు దాకా పోతుంది. నొప్పి మాత్రలు వద్దు, ఓర్చుకుంటాం అనేవాళ్లకు చేతులెత్తి చెబుతున్నా: ఈ దెబ్బలో ఓర్చుకోవడమే చేటు. నొప్పికి భయపడి మనిషి లోతుగా గాలి పీల్చడు, దగ్గడు. చిన్నాయనకు పక్కటెముకల దగ్గర మొద్దుబారే సూది వేశాకే గట్టిగా దగ్గగలిగినాడు. తలగడ రొమ్ముకు హత్తుకుని దగ్గమన్నారు, గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేచే మూడు బంతుల స్పైరోమీటరు ఇచ్చి గంటగంటకూ పీల్చమన్నారు. మొదట్లో ఒక్క బంతి కూడా సరిగా లేవలేదు.

ఇంకొక మాట. ఆసుపత్రికి వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే గోల, "గ్లూకోజు సీసా ఎక్కించలేదే, ఇదేం వైద్యం?" అని. సీసా వేలాడితేనే వైద్యం అనుకుంటారు. ఈ దెబ్బకు అవసరానికి మించి ద్రవాలు ఎక్కిస్తే ఊపిరితిత్తిలో నీరు ఇంకా ఊరుతుంది. అందుకే డాక్టర్లు కొలిచి ఇస్తారు, వాళ్లతో కొట్లాడకండి. మంచం చుట్టూ పదిమంది నిలబడి "ఎట్లయింది, ఎట్లయింది" అని ఆయాసపడేవాడితో కథంతా చెప్పించకండి. అరటిపండ్లు ఇచ్చి వెళ్లిపోండి చాలు.

మీ నాన్నగారికి ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతోందో నర్సమ్మను అడుగుతూ ఉండండి. ఆయాసం పెరిగినా, పెదాలు నీలంగా మారినా, కల్లెలో నెత్తురు పడినా, ఆక్సీమీటరులో అంకె దిగుతున్నా ఆ నిమిషంలోనే పిలవండి. వయసు పైబడితే న్యుమోనియా భయం ఎక్కువ, బీడీ తాగేవాళ్లకు మరీ. ఇంటికి వచ్చాక కూడా జ్వరమో పచ్చటి కఫమో కనిపిస్తే వెనక్కి తీసుకుపోండి. ఎముక చిట్లి ఉంటే అతుక్కోవడానికి ఆరు వారాల దాకా పడుతుంది, అన్నాళ్లూ బరువులు ఎత్తనివ్వకండి, బండి తోలనివ్వకండి, స్పైరోమీటరు మాత్రం మాననివ్వకండి.